కొండకి మోసిన రాయి

మా పెద్దత్తగారు పోయిందన్న కబురు నాకు గురజాల స్కూల్లో, ఎనిమిదో తరగతికి సైన్సు పాఠం చెప్తుండగా వచ్చింది. మాచర్ల నుంచి రైల్లో వచ్చిన మనిషి వరండాలో చెప్పులు విడిచి, కిటికీలోంచి తొంగి చూసి, "అయ్యా, పెద్దమ్మగారు తెల్లారుజామున ప్రభువు దగ్గరికి పోయిందయ్యా. మిమ్మల్ని, అమ్మాయిగారిని ఈ బండికే వచ్చెయ్యమన్నారు" అన్నాడు. చేతిలో సుద్దముక్క అట్లాగే ఉంది. పిల్లలు నా మొహం చూస్తున్నారు. అప్పుడు నా మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. ఈస్టరుకి ఇంక మూడు వారాలే ఉంది, ఈ ఏడు ఆ రాయి ఎవరు మోస్తారు అనుకున్నాను.

నన్ను రాతిగుండె మనిషి అనుకోకండి. ఆ రాయి కథ విన్నాక మీరే న్యాయం చెప్పండి.

ఆవిడ మా అత్తగారికి అక్క. నా భార్యకి పెద్దమ్మ, నాకు పెద్దత్తగారు. మొగుడు పోయాక, పిల్లలు లేక, చెల్లెలి ఇంటికే వచ్చి ఉండిపోయింది. వచ్చింది చెల్లెలి నీడకే అయినా ఇంట్లో చెల్లేది మాత్రం ఆవిడ మాటే. మా అత్తగారు నాతో ఏదైనా చెప్పాలంటే తలుపు వెనక నిలబడి కూతురికి చెప్పేది, కూతురు నాకు చెప్పేది. పెద్దత్తగారికి ఆ మర్యాదలన్నీ పట్టవు. పెళ్ళైన మర్నాడే వసారాలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూసి, "ఏందయ్యా అల్లుడూ, నువ్వు సన్నగా ఉన్నావు గానీ భుజాలు పర్లేదు" అంది. అది మెప్పనుకుని నవ్వాను. ఆవిడ నా భుజాలని ఎందుకు లెక్కలోకి తీసుకుందో ఈస్టరు వచ్చేదాకా నాకు తెలియలేదు.

మా అత్తవారిది మాచర్ల దగ్గర పల్లెటూరు. ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సు కాలం ఆ ఇంట్లో మాంసం ముట్టరు. ఈస్టరు ఆదివారం గుడికి పోయి వచ్చి, సోమవారం కోడి కూసే వేళకి ఇంటిల్లిపాదీ ఊరికి పడమటనున్న కొండెక్కుతారు. పైన ఒక ఊట ఉంది, దాని పక్కన నాలుగు చెట్ల నీడ ఉంది. అక్కడ యాటమాంసం కాల్చుకుని, జొన్నరొట్టెలతో తిని, పొద్దు వాలాక దిగుతారు. వేడుకే, కాదనను. యుద్ధం రోజుల్లో పంచదారకి, కిరసనాయిలుకి వరసల్లో నిలబడి విసిగిపోయిన మనుషులకి ఆ ఒక్క పూట ఎంత హాయో నాకు తెలుసు. నేను పడలేకపోయింది రాయితోనే.

ఆ మాంసం కాల్చేది ఇనప చువ్వల మీద కాదు, పెనం మీద కాదు. నల్లరాతి పలక మీద. మూరెడు పొడవు, జానెడున్నర వెడల్పు, మూడు వేళ్ళ మందం. పెద్దత్తగారి మొగుడు నరసరావుపేట వైపు నుంచి ఎడ్లబండిలో తెచ్చిన రాయి అది. ఏళ్ళ తరబడి కొవ్వు తాగి తాగి అద్దంలా మెరుస్తుంది. ఆ పలకని గోనెసంచిలో చుట్టి, ఇంట్లో బలమైన మగాడి భుజాన పెట్టి కొండెక్కిస్తారు. అంటే ఊరు ఊరంతా నాపరాయి, ఇళ్ళ గోడలు నాపరాయి, దొడ్డి కంచెలు నాపరాయి, ఎక్కబోయే కొండ కూడా ఆసాంతం రాయి. అలాంటి కొండ మీదికి మేము కిందనుంచి రాయి మోసుకుపోవాలి!

నేను తెనాలి వైపు వాణ్ణి. మా వైపు తవ్వితే మట్టి, ఇంకా తవ్వితే నీళ్ళు. రాయి అంటే నాకు తెలిసింది ఇంట్లో రోలు, తిరగలి. అయినా కొండ నిండా రాళ్ళుంటాయన్న సంగతి తెలియనంత అమాయకుణ్ణి కాదు. మొదటి ఏడు సంచి నా భుజాన పెడుతుంటే అడిగాను.

"పెద్దత్తా, పైన రాళ్ళుండవా?"

"ఉంటయ్."

"మరి ఇదెందుకు?"

"కొండరాయిని నమ్మకూడదు."

"ఎందుకు నమ్మకూడదు?"

"ముందు మొయ్యి, తర్వాత మాట్లాడు."

తర్వాత మాట్లాడడానికి నాకు ఊపిరి ఉంటేగా! దారిలో గొర్రెలు తోలుకుపోతున్న మనిషి ఒకడు నిలబడి, నా సంచిలో ఏముందని అడిగాడు. మా బావమరిది "రాయి" అన్నాడు. ఆ గొర్రెలాయన చానాసేపు నవ్వాడు. వెనక్కి తిరిగి తిరిగి చూసి మరీ నవ్వాడు. కొత్త అల్లుణ్ణి, బియ్యే చదివినవాణ్ణి, సైన్సు మాస్టర్ని. నా ఒళ్ళు ఎలా మండిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆవిడ చాదస్తం రాయితో ఆగదు. మాంసం గిన్నెలో పైన ఒక బొగ్గుముక్క వేసేది, దారిలో గాలీ ధూళీ పట్టకుండా. ఆదివారం గుడిలో మొదటి వరసలో కూర్చున్న మనిషి, సోమవారం మాంసంలో బొగ్గు వెయ్యడమేమిటని నేనంటే, "ప్రభువు నన్ను చూసుకుంటాడు. మాంసాన్ని నేను చూసుకోవద్దా?" అనేది. ఉల్లిపాయలు కత్తితో కొయ్యనిచ్చేది కాదు, పిడికిలితో గుద్ది చితక్కొట్టాలి. పొయ్యిలో ఏ కట్టె ముందు పెట్టాలో, ఏది తర్వాత పెట్టాలో ఆవిడే చెప్పాలి. ఇక అన్నిటికన్నా నన్ను విసిగించింది ఆ తట్టడం. పలకని మూడు రాళ్ళ మీద నిలబెట్టాక, వక్కల సంచిలోంచి ఒక గులకరాయి తీసేది. ఎప్పుడో అమరావతి వెళ్ళినప్పుడు కృష్ణ ఒడ్డున ఏరుకొచ్చుకుందట. దాంతో పలకని తట్టి, తల పక్కకి వంచి, ఒక కన్ను మూసి, చెవి దగ్గరగా పెట్టి వినేది. ఖంగుమంటే తలాడించేది. అప్పటిదాకా మంట వెయ్యకూడదు. మోసుకొచ్చిన వాణ్ణి నేను పక్కనే చెమటలు కారుస్తూ నిలబడి ఉంటే, నేనేదో వేరే రాయి తెచ్చినట్టు ఆ పరీక్ష ఏమిటి?

రెండో ఏడూ మోశాను. మూడో ఏడు నావల్ల కాలేదు.

ఆ రోజు ఎండ పొద్దున్నే మొదలైంది. మా ఆవిడ ఏడు నెలల పిల్లని ఎత్తుకుని ముందు నడుస్తోంది. మామగారు, బావమరిది కట్టెలమోపుతో, అత్తగారు రొట్టెల మూటతో. పెద్దత్తగారు మాంసం గిన్నె నెత్తిన పెట్టుకుని అందరికన్నా ముందు. అందరికన్నా వెనక నేనూ, రాయీ. సగం కొండ ఎక్కాక ఒక మలుపు దగ్గర బలుసు పొద ఉంది. అక్కడ ఆగాను. అటూ ఇటూ చూశాను. రాయిని గోనెసంచితో సహా పొదలోకి తోసి, ఒట్టి చేతులతో ఎక్కాను. అప్పుడు నాకు కలిగిన ఆనందం నా జీవితంలో చాలా తక్కువసార్లు కలిగింది.

పైకి చేరేసరికి ఆడవాళ్ళు ఊట దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. నేను గబగబా ఊట పక్క తడిలోంచి ఒక నాపపలక లాగాను. ఇంచుమించు అదే కొలత, అదే నలుపు, తడికి మెరుస్తోంది కూడా. మట్టి అంటుకుని ఉంటే శుభ్రంగా నీళ్ళు పోసి కడిగాను కూడా. మూడు రాళ్ళ మీద నిలబెట్టి కట్టెలు పేర్చాను. ఇంతలో పెద్దత్తగారు వక్కల సంచి తీస్తూ వచ్చింది.

తడితే తెలిసిపోతుంది. తెలిస్తే అందరి ముందూ మళ్ళీ కిందికి పంపిస్తుంది, ఆ గొర్రెలాయన నవ్వు ఇప్పుడు మా మామగారు నవ్వుతారు. ఆ భయంలో కోపం తెచ్చిపెట్టుకున్నాను.

"ఏంటి పెద్దత్తా, ప్రతి ఏడూ ఈ పరీక్ష? మోసుకొచ్చింది నేను, పెట్టింది నేను. నా మాట మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

ఆవిడ నా మొహం వంక చూసింది. గులకరాయి చేతిలోనే ఉంది. దాన్ని మళ్ళీ సంచిలో వేసి దారం లాగింది.

"సరేలే. అల్లుడి మాటే మాట. అంటించు" అంది.

నేను అంటించాను.

పలక వేడెక్కాక ఆవిడే కూర్చుని కొవ్వుముక్కతో రుద్దడం మొదలుపెట్టింది. నేను ఇవతల పక్కన కూర్చుని విసురుతున్నాను. రెండోసారి రుద్దబోతుండగా రాయి పేలింది. తుపాకీ చప్పుడే. నిప్పులు, పెచ్చులు, బూడిద అంతా లేచింది. మాంసం గిన్నె బోర్లా పడింది. దూరంగా కూర్చున్న పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. పొగ తగ్గాక చూస్తే పెద్దత్తగారు ఎడమ కన్ను మీద అరచెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు మోచేతి దాకా కారుతోంది. ఆవిడ అరవలేదు.

బావమరిది పరుగెత్తుకొచ్చి కింద పడ్డ ముక్క ఒకటి తీసి చూశాడు. "ఏంది ఇది? ఇది మన రాయి కాదే! బావా, మన రాయేది?"

వేడి చేస్తే రాయి వ్యాకోచిస్తుందని, లోపలి తడి ఆవిరైతే దాన్ని బద్దలు కొడుతుందని నేను పిల్లలకి చెప్పే మనిషిని. అక్కడ విసనకర్ర పట్టుకుని బావమరిది చేతిలోని ముక్క వంకే చూస్తున్నాను.

"నేనే వొద్దన్నారా" అంది పెద్దత్తగారు, చెయ్యి కన్ను మీదనుంచి తియ్యకుండానే. "బరువు మొయ్యలేకపోతన్నాడు పాపం. నేనే దార్లో దింపెయ్యమన్నా. ఈడ రాయి పెట్టమన్నా. తప్పు నాదే."

"నువ్వా?" అంది మా అత్తగారు.

"నేనే. ముందు గుడ్డ తే."

కొంగు చింపి కట్టు కట్టి దించారు. నేనూ ఒక చెయ్యి పట్టుకున్నాను. బలుసు పొద దగ్గరికొచ్చాక ఆవిడ ఆగిపోయింది. కాసేపు కూర్చుంటానని, ఈలోపు పోయి బండి కట్టించమని అందరినీ పంపేసింది. "అల్లుడు తోడుంటాడు" అంది.

వాళ్ళు మలుపు తిరిగాక, "ఏడ పెట్టావు?" అని అడిగింది.

చూపించాను.

"ఎత్తుకో."

"ఇప్పుడా? ముందు మీ కన్ను సంగతి చూడాలి పెద్దత్తా..."

"కన్ను ఏడకీ పోదు. రాయి ఈడుంటే ఎవడన్నా ఎత్తుకుపోతాడు. మా ఆయన తెచ్చిన రాయి అది."

ఎత్తుకున్నాను. ఆవిడ నా భుజం పట్టుకుని దిగింది. ఒక భుజాన రాయి, ఒక భుజాన ఆవిడ చెయ్యి. అప్పుడు చెప్పింది. మొగుడు నాపరాతి గనిలో మేస్త్రీగా ఉన్న రోజుల్లో కూలీలు నాపముక్కల మీద మాంసం కాల్చుకోబోతే అవి పేలి ఒకతని మొహమంతా కాలిందట. ఆ వారమే ఆయన బండి కట్టుకుపోయి నల్లరాయి తెచ్చాడట.

నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. "ఈ ముక్క మొదటి ఏడే చెప్పొచ్చుగా!"

"చెప్పా గదయ్యా. కొండరాయిని నమ్మకూడదని."

గుంటూరులో కంటి డాక్టరుకి చూపించాం. ఎడమ కన్ను పోయింది. ఆ డాక్టరు ఎదుట కూడా ఆవిడ నేనే చేసుకున్నా అనే చెప్పింది. ఇక ఇంట్లో అది కథ అయిపోయింది. జన్మలో మాట మార్చని మనిషి అల్లుడి మీద జాలితో ఒక్కసారి మాట మార్చి కన్ను పోగొట్టుకుందని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవారు. చెప్పి నా వంక ప్రేమగా చూసేవారు. నేను తలవంచుకుంటే, ఎంత మంచివాడో చూడండి అనుకునేవారు.

ఒప్పుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒకసారి ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు, ఈ రోజు మామగారితో చెప్పేస్తానని అన్నాను. ఆవిడ చింతపండు ఈనెలు తీస్తోంది.

"చెప్పి ఏం చేస్తావు? ఇంకో కన్ను తెస్తావా?"

"నాకు నిద్ర పట్టడంలేదు పెద్దత్తా."

"పట్టకపోతే లేచి ఈ ఈనెలు తియ్యి. నా చెల్లెలి కూతురు నీ ఇంట్లో కాపరం చేసుకుంటంది. ఈళ్ళకి నీ మీద మనసు విరిగితే దాని బతుకేం గావాల? నేనున్నంత కాలం నోరెత్తమాక."

నోరెత్తలేదు. అది నా పిరికితనమే, ఆవిడ ఆజ్ఞ అని చెప్పుకోవడం నాకు సుళువైంది. అలాగని ఆవిడ నన్ను ఊరికే వదిలిపెట్టిందనుకోకండి. మాచర్ల సంతకి పోయి నాటు వెల్లుల్లి తేవాలన్నా, వానలో దొడ్డి మీద తాటాకు కప్పాలన్నా, ఇంట్లో ఇంతమంది ఉండగా ఆ మిగిలిన ఒక్క కన్ను నా వైపే తిరిగేది. నేను లేచేవాణ్ణి. సెలవులకి వెళ్ళిన అల్లుడు ఇంత చాకిరీ చెయ్యడం ఆ తాలూకాలో ఎవరూ చూసి ఉండరు. ఈస్టరు సోమవారం రాయి ఎవరు మోస్తారన్న ప్రశ్నే ఇంక లేదు. కిందటి రెండేళ్ళు ఆవిడ ఎక్కలేకపోయింది. అయినా కొండ కింద బండిలో కూర్చుని, రాయి పైకి పోవాల్సిందేనని, మొదట కాలిన ముక్కలు ఆకులో చుట్టి వేడివేడిగా తనకి తెచ్చి ఇవ్వాల్సిందేనని పట్టుబట్టింది. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం నావంతు. "చల్లారిపోయినయ్యి" అనేది ప్రతిసారీ, తింటూనే.

ఇన్నింటినీ భరించాను గానీ ఒకటి భరించలేకపోయాను. ఆ ప్రమాదం తర్వాత ఆవిడ పైకి ఎక్కినన్నాళ్ళూ మళ్ళీ ఎప్పుడూ రాయిని తట్టి చూడలేదు. నేనే, "తట్టండి పెద్దత్తా, ఒక్కసారి తట్టి చూడండి" అని బతిమాలేవాణ్ణి. "నువ్వు మోసిందే గదా" అని కొవ్వుముక్క తీసుకుని కూర్చునేది. మిగిలిన కన్ను ఆ రాయికి జానెడు దూరంలో పెట్టి రుద్దేది. పక్కన నిలబడి నేను ప్రతి ఏడూ చచ్చి బతికేవాణ్ణి.

మట్టి చేసిన రోజు, ప్రార్థన అయ్యాక, మా బావమరిది నాలుగు మాటలు చెప్పాడు. "మా పెద్దమ్మ మాటంటే మాటే. ఒక్కసారే మార్చింది, మా బావ కోసం" అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అంతా నా వైపు చూశారు. ఎవరో నా వీపు నిమిరారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పోయేటప్పుడు కూడా నన్ను ఇలా ఇరికించి పోయిందే అని ఆవిడ మీద ఎంత విసుగొచ్చిందో, ఆవిడ లేదని అంత ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చేటప్పుడు అత్తగారు మా ఆవిడ చేతిలో వక్కల సంచి పెట్టింది. "ఇది మీ ఆయనకి ఇమ్మంది అక్క" అంది. గురజాలలో ఇంటికొచ్చి విప్పి చూశాను. నాలుగు వక్కలు, అడుగున ఆ గులకరాయి. తట్టడం మానేసింది గానీ పారెయ్యలేదు.

మా ఆవిడ వంటింట్లో ఉంది. పిలిచి కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. పొద గురించి, తడి పలక గురించి, నమ్మకం లేదా అని నేను దబాయించిన సంగతి. ఆమె విన్నంతసేపూ ఆ సంచి దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. తర్వాత లేచి వెళ్ళి పొయ్యి మీద అన్నం దించింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మాట మాత్రం లేదు. నాలుగో రోజు, "మావాళ్ళకి మీరే చెప్పండి. కొండ మీదే చెప్పండి" అంది.

మొన్న ఈస్టరు సోమవారం రాయి మోసుకుని ఎక్కాను. ఎవరూ మొయ్యమనలేదు. మాంసం గిన్నెలో బొగ్గుముక్క మా అత్తగారు వేసింది. పైకి చేరి, సంచి దించి, చెప్పాను. బావమరిది కొండ అంచు దాకా పోయి అటు తిరిగి నిలబడ్డాడు. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. మామగారు కట్టెలమోపు విప్పుతూ, "పిల్లలు ఆకలి మీదున్నారు. పొయ్యి పెట్టు" అన్నారు. అది క్షమించడమో కాదో నాకు తెలియదు, అడగలేదు.

పలకని మూడు రాళ్ళ మీద నిలబెట్టాను. అగ్గిపెట్టె తీశాను.

"జరగండి" అంది మా ఆవిడ.

వచ్చి పొయ్యి ముందు కూర్చుని, వక్కల సంచి విప్పి, గులకరాయి తీసింది. పలకని తట్టింది. తల పక్కకి వంచి, ఒక కన్ను మూసుకుని, చెవి దగ్గరగా పెట్టి వింది. ఖంగుమంది. నేను అగ్గిపుల్ల గీయబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, నా మొహం వంక ఒకసారి చూసి, మళ్ళీ తట్టింది. ఇంకోసారి తట్టింది. నేను అగ్గిపెట్టె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.